స్కాట్లాండ్ ట్రయల్స్, పాత బళ్లు: పైప్‌లైన్ ఎక్కాలంటే బండిలో ఏం ఉండాలి?

కొండదారి:
మన వేదికలో మోటోక్రాస్ మీద, ర్యాలీల మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. ట్రయల్స్ మీద ఒక్క థ్రెడ్డూ లేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను. విషయం స్కాట్లాండ్, అందులోనూ పాత బళ్లు.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. ట్రయల్స్‌లో ఎవరు ముందు చేరారన్నది లెక్కలోకి రాదు. వాగులోనో, బండరాళ్ల మీదో, జారుడు గట్టు మీదో కొంత మేర గుర్తులు పెట్టి దాన్ని సెక్షన్ అంటారు. అంతా నిలబడే నడపాలి, కాలు నేలకు ఆనకూడదు. ఆననిస్తే దాన్ని డాబ్ అంటారు. ఒక డాబ్‌కు 1 మార్కు, రెండుకు 2, మూడు గానీ అంతకు మించి గానీ ఆనిస్తే 3. బండి ఆగినా, పడినా, గుర్తులు దాటి బయటికి పోయినా 5. ఒక్కసారీ కాలు పెట్టకుండా బయటపడితే 0, దాన్నే క్లీన్ అంటారు. చివరికి ఎవరికి తక్కువ మార్కులుంటే వాళ్లదే గెలుపు.

స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ 1909లో అయిదు రోజుల పోటీగా పుట్టింది, తర్వాత ఆరు రోజులైంది. యుద్ధకాలంలో ఆగింది. నిర్వహించేది ఎడిన్‌బరో అండ్ డిస్ట్రిక్ట్ మోటార్ క్లబ్. ఒకప్పుడు ఎడిన్‌బరోలో బయల్దేరి మళ్లీ అక్కడికే వచ్చేది. 1977 నుంచి మొత్తం ఫోర్ట్ విలియం కేంద్రంగానే నడుస్తోంది. మే మొదట్లో, రోజుకు 30 సెక్షన్లు. మధ్యలో మామూలు రోడ్డు, పీట్ బురద మైదానం, కొండదారి అన్నీ దాటాలి. దానికి ముందున్న శుక్ర, శనివారాల్లో కిన్‌లోక్‌లెవెన్ ఊళ్లో ప్రీ-65 స్కాటిష్ జరుగుతుంది. అంటే 1965కు ముందు తరం బళ్లకు మాత్రమే. ఈ థ్రెడ్ ముఖ్యంగా దాని కోసం. పైన శీర్షికలో చెప్పిన పైప్‌లైన్ ఆ ఊళ్లోని నిట్టనిలువు రాళ్ల సెక్షన్.

బుల్లెట్‌బండి:
మంచి పని చేశారు కొండదారి గారూ. ఒక సందేహం. స్కాట్ ట్రయల్ అని కూడా వింటుంటాం. అదీ ఇదీ ఒకటేనా? ఇంకోటి, వేగంతో పని లేనప్పుడు అంత కష్టం ఎక్కడుంది?

మాగ్నెటో:
ఒకటి కాదు. స్కాట్ ట్రయల్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో జరుగుతుంది. స్కాట్ అన్నది దేశం పేరు కాదు, స్కాట్ మోటార్ సైకిళ్లు తయారుచేసిన ఆల్‌ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ పేరు. 1914లో మొదలైంది. అందులో సెక్షన్ మార్కులతో పాటు గడియారం కూడా లెక్కే. పేరు చూసి చాలామంది పొరబడతారు.

కష్టం సంగతికి ఒక్క ఉదాహరణ చాలు. 1961 సిక్స్ డేస్‌లో గోర్డన్ జాక్సన్ 350 ఏజేఎస్ మీద (నంబరు 187 బీఎల్‌ఎఫ్) గెలిచాడు. ఆరు రోజుల్లో అతను పోగొట్టుకున్నది ఒక్కటంటే ఒక్క మార్కు. అంటే వారం పొడవునా ఒకే ఒక్క డాబ్. ముందు ఫోర్కులో కాస్త కదలిక, వెనక షాకబ్జర్లలో ఇప్పటి లెక్కన నామమాత్రపు ఆట, బండి బరువు వంద కిలోలకు పైనే. ట్రయల్స్ తెలిసినవాళ్లు ఆ అంకె దగ్గర ఇప్పటికీ ఆగిపోతారు.

కొండదారి:
బుల్లెట్‌బండి గారూ, మీ పేరుకు తగిన సంగతి ఒకటి. 1952 సిక్స్ డేస్ గెలిచింది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350. నడిపినవాడు జానీ బ్రిటెన్, బండి నంబరు హెచ్‌ఎన్‌పీ 331. వెనక స్వింగింగ్ ఆర్మ్ ఉన్న బుల్లెట్ జనం కంట మొదట పడింది కూడా ట్రయల్స్‌లోనే, 1948 కోల్‌మోర్ కప్‌లో. అప్పట్లో ట్రయల్స్ బళ్ల వెనక చక్రానికి స్ప్రింగే ఉండేది కాదు. రాళ్ల మీద పట్టు పోతుందని, స్ప్రింగు ఉంటే బండి ఊగిపోతుందని వాదించేవారు. నిజానికి జరిగేది దానికి వ్యతిరేకం. రాయి తగిలినప్పుడు చక్రం ఒక్కటే పైకి లేస్తుంది, బండి లేవదు. టైరు నేలను వదలదు. మద్రాసులో 1955 నుంచి తయారైనది ఆ వంశపు బండే. 346 సీసీ, 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన ఇంజిను కొలతలే హైలాండ్స్ వాగులూ దాటాయి.

బుల్లెట్‌బండి:
ఈ కొలతలు తెలుసు గానీ ఆ గెలుపు సంగతి తెలియదు! మరి 2019లో కంపెనీ మన దగ్గర అమ్మిన బుల్లెట్ ట్రయల్స్‌తో అలాంటి సెక్షన్ ఎక్కొచ్చా?

మాగ్నెటో:
అది బ్రిటెన్ బండికి నమస్కారంగా తెచ్చిన మోడల్. పైకెత్తిన సైలెన్సర్, ఒక్క సీటు, కాస్త ముతక గీతల టైర్లు. మట్టిరోడ్డు మీద చక్కగా పోతుంది. కానీ బరువు 180 కిలోలు దాటుతుంది, ఫుట్‌రెస్టులు ముందుకు ఉంటాయి, మొదటి గేరు వేగం ఎక్కువ. అసలు సెక్షన్ దానికి పని కాదు. పాత పోటీ బుల్లెట్‌కు గేరింగు వేరు, ట్యాంకు చిన్నది, హ్యాండిల్ వెడల్పు, ముందు 21 అంగుళాల చక్రం.

టూస్ట్రోక్:
ఫోర్‌స్ట్రోక్ పురాణం బాగుంది గానీ 1965లో అసలేం జరిగిందో కూడా చెప్పాలి కదా. శామీ మిల్లర్ 1962లో, 1964లో 500 ఏరియల్ (జీఓవీ 132) మీద సిక్స్ డేస్ గెలిచాడు. 1964 చివర్లో బార్సిలోనా వెళ్లి బుల్టాకో వాళ్లతో కూర్చుని 244 సీసీ షెర్పా టీ తయారు చేయించాడు. 1965లో దాని మీదే గెలిచాడు, 1967, 1968లోనూ అంతే. దాదాపు 90 కిలోల బండి. ఆ తర్వాత మిక్ ఆండ్రూస్ 1970, 71, 72లో ఓసా మీద. అదీ స్పెయిన్ బండే. మధ్యలో బ్రిటిష్ బళ్లకు మిగిలింది 1966 (అలన్ లాంప్‌కిన్, బీఎస్‌ఏ), 1969 (బిల్ విల్కిన్సన్, గ్రీవ్స్). అంతే. ప్రీ-65 అనే గీత అక్కడే ఎందుకు గీశారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. షెర్పా వచ్చాక పాత బండికి పోటీలో చోటు లేదు.

మాగ్నెటో:
చరిత్ర ఒప్పుకుంటాను. కానీ ఏరియల్‌ను తక్కువ చెయ్యకండి. షోరూమ్ హెచ్‌టీ5ను (ఏరియల్ వాళ్ల ట్రయల్స్ మోడల్) మిల్లర్ ఏళ్ల తరబడి చెక్కి 242 పౌండ్లకు, అంటే సుమారు 110 కిలోలకు దించాడు. 497 సీసీ సింగిల్‌కు, అంటే ఒకే సిలిండర్ ఇంజినుకు, అది చాలా తక్కువ. ఇక పట్టు సంగతి. పెద్ద సింగిల్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ మధ్య ఎడం ఎక్కువ. ఆ ఎడంలో టైరు మళ్లీ రాయిని పట్టుకుంటుంది. బరువైన ఫ్లైవీల్ ఆ తోపును సాగదీస్తుంది. తడి రాయి మీద యాక్సిలరేటర్ కొద్దిగా ఎక్కువైనా క్షమిస్తుంది. చిన్న టూస్ట్రోక్ క్షమించదు, చక్రం గిర్రున తిరిగిపోతుంది.

టూస్ట్రోక్:
అందుకే కదా టూస్ట్రోక్‌కు ఫ్లైవీల్ బరువు పెంచేది అన్నా! బ్యాంటమ్ వాళ్లందరూ చేసే మొదటి పని అది.

వానకొండ:
నేను అడగాలనుకున్నది సరిగ్గా అదే. బీఎస్‌ఏ బ్యాంటమ్ డీ7 (173 సీసీ, మూడు గేర్లు) ఒకటి ట్రయల్స్ రూపానికి మార్చాలి. లక్ష్యం కిన్‌లోక్‌లెవెన్‌లాంటి నేల. ఎక్కడ మొదలుపెట్టాలి? గేరింగు ఎంత?

టూస్ట్రోక్:
ఫ్రేము, రంగు, ట్యాంకు తర్వాత. ముందు క్రాంకు సీళ్లు, అంటే క్రాంకు గదిలోకి బయటి గాలి, ఆయిల్ పోకుండా ఆపే వలయాలు. పాత బ్యాంటమ్ నెమ్మదిగా నడవకపోవడానికి పదింట ఎనిమిదిసార్లు కారణం అవే. బయటి సీలు పోతే గాలి లోపలికి పీలుస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఇంజిను అరుస్తూనే ఉంటుంది. సెక్షన్ మధ్యలో అది జరిగితే పని అయిపోయినట్టే. లోపలి సీలు, అంటే ప్రైమరీ చైను వైపుది పోతే గేర్‌బాక్స్ ఆయిల్ క్రాంకులోకి వస్తుంది. తెల్లటి పొగ, ప్లగ్గు మీద తడి, ఆయిల్ మట్టం రోజూ తగ్గడం. కార్బురేటర్ ఎంత తిప్పినా ఈ రెండూ నయం కావు. పరీక్ష ఇలా: కార్బురేటర్ దారి, సైలెన్సర్ దారి రబ్బరు బిరడాలతో మూసి, ప్లగ్గు రంధ్రం గుండా 6 పీఎస్ఐ గాలి ఎక్కించండి. ఆరు నిమిషాల్లో ముల్లు కదలకూడదు. కదిలితే జాయింట్ల మీద సబ్బునీళ్లు రాయండి, బుడగ వచ్చినచోటే రోగం.

గేరింగు. బ్యాంటమ్ ప్రైమరీలో (ఇంజిను నుంచి క్లచ్‌కు పోయే చైను) ఇంజిను వైపు 17 పళ్లు, క్లచ్ వైపు 38. అంటే 2.235. మొదటి గేరు సుమారు 2.65. మామూలు రోడ్డు స్ప్రాకెట్లు 16, 47తో మొత్తం 17.4 వస్తుంది, అంటే ఇంజిను అన్నిసార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుంది. ట్రయల్స్‌కు అది పరుగే. గేర్‌బాక్స్ మీద 14, వెనక 60 పెడితే 2.235 × 2.65 × 4.286, అంటే దాదాపు 25. మనిషి నడక వేగం. వాగులో రాళ్లకు ఇది బాగుంటుంది.

వానకొండ:
లెక్క అర్థమైంది. కానీ అదే అమరికలో రెండో గేరు ఎంతవుతుంది? పైప్‌లైన్ లాంటి పొడవాటి ఎక్కుడుకు మొదటి గేరు చాలదు కదా?

టూస్ట్రోక్:
అక్కడే వస్తుంది చిక్కు. రెండో గేరు 16 దగ్గర పడుతుంది. 25కీ 16కీ మధ్య పెద్ద కంత. మొదటిది వేస్తే ఇంజిను అరిచి ఊపు పోతుంది. రెండోది వేస్తే, ఊపు కొంచెం తగ్గగానే ఇంజిను దగ్గుతుంది. మూడు గేర్ల పెట్టెకు ఇది పుట్టుకతో వచ్చినది. అందుకే కొందరు 15 పళ్లు పెట్టి మొదటి గేరును 23-24 దగ్గర ఉంచుతారు. వాగులో క్లచ్ కాస్త ఎక్కువ వాడాల్సి వస్తుంది, ఎక్కుడులో మాత్రం మొదటి గేరుతోనే గట్టెక్కొచ్చు. 14, 15 రెండూ దగ్గర పెట్టుకోండి, మార్చడం అరగంట పని. ఒకటి గుర్తుంచుకోండి: వెనక స్ప్రాకెట్ పెద్దదైతే చైను స్వింగింగ్ ఆర్మ్‌కు దగ్గరగా పోతుంది. గుండ్రటి నైలాన్ ముక్క గానీ టెన్షనర్ గానీ లేకపోతే చైను ఇనుమును కోస్తుంది. బిగింపు కూడా బండి స్టాండు మీద ఉన్నప్పుడు కాదు, మనిషి ఎక్కి కూర్చుని షాకబ్జర్లు దిగినప్పుడు చూడాలి. చక్రం తిప్పుతూ చైను అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట 15 నుంచి 20 మి.మీ. ఆట.

కొండదారి:
పైప్‌లైన్ గురించి చెప్పకుండా ముందుకు పోతున్నారు. చూడనివాళ్ల కోసం: కిన్‌లోక్‌లెవెన్‌లో అల్యూమినియం కర్మాగారం ఉండేది. దానికి కరెంటు కోసం 1905-1909 మధ్య బ్లాక్‌వాటర్ ఆనకట్ట కట్టి, కొండ మీద నుంచి లావుపాటి ఇనుప గొట్టాల్లో నీళ్లు దించారు. కర్మాగారం 2000 నాటికి మూతపడింది, విద్యుత్ కేంద్రం ఇంకా పనిచేస్తోంది. ఆ గొట్టాల పక్కనే నిట్టనిలువుగా పోయే రాళ్ల దారే పైప్‌లైన్ సెక్షన్. రాళ్లు పాతుకుని ఉండవు, కదులుతాయి. ముందుబండి దొర్లించిన రాయి మీ దారిలో ఉంటుంది. అందుకే సెక్షన్ ముందుగా నడిచి చూసినా, మీ వంతు వచ్చేసరికి మళ్లీ చూడాలి. మధ్యలో గేరు మార్చే వీలుండదు. అడుగున ఎంచుకున్న గేరే పైదాకా. ప్రేక్షకులు రెండు పక్కలా గొట్టాల మీదా గట్ల మీదా కూర్చుని ఉంటారు. పాత ఫోర్‌స్ట్రోక్ మోత ఆ లోయలో ప్రతిధ్వనిస్తూ పైకి పోతుంటే వినడం నిజంగా ఒక పండగ.

మాగ్నెటో:
ఎక్కుడులో అందరూ చేసే తప్పు ముందుకు బాగా వంగడం. చక్రం లేస్తుందన్న భయంతో బరువంతా హ్యాండిల్ మీద వేస్తారు, వెనక టైరు తేలికై జారిపోతుంది. మోకాళ్లు కాస్త మడిచి, బరువు ఫుట్‌రెస్టుల మీదే ఉంచాలి. తల మాత్రం ముందుకు. అందుకే ఫుట్‌రెస్టులు షోరూమ్ చోటు నుంచి వెనక్కి, కొద్దిగా కిందికి జరుపుతారు. అవి ముందుకే ఉంటే నిలబడ్డ మనిషి హ్యాండిల్‌కు వేలాడక తప్పదు. ఇప్పటి కుర్రాళ్లలా ఎగిరి పక్కకు జరగడాలు పాత బండితో కుదరవు. దారి ముందే ఎంచుకుని, ఆగకుండా పోవాలి.

బుల్లెట్‌బండి:
టైరు గాలి ఎంత పెడతారు? మన రోడ్ల మీద 28 పెట్టే అలవాటు.

వానకొండ:
ముందు 2.75-21, వెనక 4.00-18 అని చూశాను. గాలి సంగతి నాకూ కావాలి.

టూస్ట్రోక్:
28తో సెక్షన్‌లో అడుగు పెట్టలేరు, రాయి మీద బంతిలా ఎగురుతుంది. ట్యూబు ఉన్న పాత రిమ్ములకు వెనక 5, ముందు 6-7 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. పెట్రోలు బంకు గేజీ 10 లోపు సరిగా చూపదు, 0-15 గేజీ వేరే కొనాలి. అంత తక్కువ గాలితో ఏమవుతుందంటే, ఇంజిను తోపుకు రిమ్ము తిరుగుతుంది గానీ టైరు అక్కడే ఉండిపోతుంది. లోపలి ట్యూబు టైరుతో పాటు ఆగి, వాల్వు మెడ దగ్గర చిరిగిపోతుంది. అందుకే వెనక రిమ్ముకు రెండు సెక్యూరిటీ బోల్టులు (టైరును రిమ్ముకు అదిమి పట్టేవి), వాల్వుకు అటూ ఇటూ. ముందుకు ఒకటి చాలు. వాల్వు లాక్‌నట్టును రిమ్ముకు బిగించకండి, మూత దగ్గరికి తీసి ఉంచండి. టైరు జరిగితే వాల్వు ఒరుగుతుంది, చిరగకముందే కంటికి కనిపిస్తుంది.

రోడ్డు మీద కూడా నడిపే బండి అయితే పిరెల్లి ఎంటీ43. పక్కగోడలు గట్టివి, తారుమీద నిలకడ. కానీ రాయిని చుట్టుకునే మెత్తదనం తక్కువ, కాబట్టి దానికి ఇంకో అర పీఎస్ఐ తగ్గిస్తారు.

లోయగాలి:
వాన గురించి ఎవరూ అనలేదేమిటి! స్కాట్లాండ్‌లో బండిని ఆపేది రాయి కంటే నీళ్లే ఎక్కువసార్లు.

ప్లగ్గు మూత లోపల, వైరు దూరే చోట సిలికాన్ గ్రీజు పూయండి. కార్బురేటర్ గాలి గొట్టం చివర ట్యాంకు కిందికి ఎత్తి కట్టండి, కిందికి వేలాడితే వాగులో మునిగి ఫ్లోట్ గదిలోకి నీళ్లు లాగుతుంది. గాలి పెట్టె నోరు సీటు కింద ఎత్తున ఉండాలి. నురుగు ఫిల్టర్‌కు ఆయిల్ పట్టించి గట్టిగా పిండాలి, కారుతూ ఉండకూడదు.

మ్యాగ్నెటో మూతను మాత్రం అన్నివైపులా జిగురుతో మూసెయ్యకండి. వేడికి లోపలి గాలి ఉబ్బుతుంది, వాగులో దిగగానే ఒక్కసారి చల్లబడి సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది, లోపల చెమట పడుతుంది. పైన మూసి, అడుగున చిన్న రంధ్రం వదలాలి.

డ్రమ్ము బ్రేకులు తడిస్తే పట్టవు. వాగు దాటగానే బ్రేకు కాస్త నొక్కి ఉంచి ఇరవై, ముప్పై మీటర్లు నడిపితే షూలు వేడెక్కి ఆరతాయి. దిగుడు ఎదురయ్యాక గుర్తొస్తే లాభం లేదు.

వానకొండ:
ఇంజిను పూర్తిగా మునిగితే?

లోయగాలి:
కిక్ కొట్టకండి. అన్నిటికంటే ముందు అది. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పెట్రోలు కట్టేసి, ప్లగ్గు తీసి, బండిని హ్యాండిల్ పైకి వచ్చేలా వెనక చక్రం మీద నిలబెట్టండి, సైలెన్సర్‌లో నీళ్లు పోతాయి. తర్వాత ప్లగ్గు లేకుండానే పదిహేను, ఇరవై సార్లు కిక్ తిప్పండి. రంధ్రంలోంచి తుంపర ఆగాలి. ఫ్లోట్ గది విప్పి కడగండి, ఫిల్టర్ పిండండి, పాయింట్ల మధ్య పొడి కాగితం లాగండి. పొడి ప్లగ్గు వేసి అప్పుడు కిక్. జేబులో ఒక పొడి ప్లగ్గు, దాని స్పానర్ లేకుండా కొండెక్కకూడదు. ఫోర్‌స్ట్రోక్ అయితే ఆయిల్ కూడా చూడండి, పాలటీ రంగుకు తిరిగితే మార్చాల్సిందే.

మాగ్నెటో:
కార్బురేటర్ మాట వచ్చింది కాబట్టి. పాత ఆమల్ మోనోబ్లాక్‌లో ఫ్లోట్ గది ఒక పక్కకు ఉంటుంది. బండి బాగా ఒరిగినప్పుడు జెట్టు దగ్గర పెట్రోలు మట్టం మారిపోతుంది, ఒకవైపు ఒరిగితే పొంగుతుంది, ఇంకోవైపు ఎండుతుంది. తర్వాత వచ్చిన కాన్సెంట్రిక్‌లో ఫ్లోట్ జెట్టు చుట్టూ ఉంటుంది, ఎటు ఒరిగినా మట్టం దాదాపు అంతే. అందుకే చాలామంది అది వేస్తారు. కానీ నాది ఒక మనవి: బండి తరానికి తగిన కార్బురేటర్ ఉంటేనే అది పాత బండి.

టూస్ట్రోక్:
అలా అయితే ప్రీ-65లో సగం బళ్లు ఇంటికి పోవాలి అన్నా.

మాగ్నెటో:
పోనివ్వండి. నేను పట్టుబట్టేది ఇదే. కొత్త లోహంతో, కొత్త ఫ్రేముతో, లోపల అంతా ఇప్పటి విడిభాగాలతో కట్టి, ట్యాంకు మీద 1959 పేరు అంటిస్తే అది పాత బండి కాదు. రెండు షాకబ్జర్లు, డ్రమ్ము బ్రేకులు ఉన్నంత మాత్రాన సరిపోదు. రాయ్ పెప్లో 1959లో ట్రయంఫ్ 200 మీద సిక్స్ డేస్ గెలిచాడు. ఆ బండి చేయగలిగినదెంతో, చేయలేనిదెంతో రెండూ తెలియాలి.

కొండదారి:
మీ బాధ అర్థమవుతుంది. కానీ ఇంకోవైపు చూడండి. అసలు హెచ్‌టీ5లు కొద్దిగానే మిగిలాయి. వాటిని పైప్‌లైన్ రాళ్ల మీద కొట్టుకోమనడం న్యాయమా? కొత్త ఫ్రేము కట్టడం వల్లే మోత ఇంకా వినిపిస్తోంది. నా మటుకు ఇంజిను, గేర్‌బాక్స్ పెట్టెలు, హబ్బులు ఆ తరానివి అయితే చాలు. పోటీకి పోయేవాళ్లు మాత్రం ఆ ఏటి నిబంధనల కాగితం చదివాకే డబ్బు పెట్టాలి. ఫోర్కులు, యోకులు (ఫోర్కులను ఫ్రేముకు కలిపే బిగింపులు), హబ్బుల దగ్గరే తనిఖీలో బళ్లు ఆగిపోతాయి.

బుల్లెట్‌బండి:
గ్లాస్గోలో చదువుకునే మన పిల్లలు ఉన్నారు. చూడ్డానికి వెళ్లాలంటే?

లోయగాలి:
గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియంకు వెస్ట్ హైలాండ్ రైలు, నాలుగు గంటలకు కాస్త తక్కువ. రానోక్ మైదానం గుండా పోతుంది, పీట్ నేల అంటే ఏమిటో కిటికీలోంచే తెలుస్తుంది. ఫోర్ట్ విలియం నుంచి కిన్‌లోక్‌లెవెన్‌కు రోడ్డు మీద 30 కిలోమీటర్లు దాటుతుంది, ఏ82 మీద నార్త్ బల్లాచులిష్ దాకా వచ్చి బీ863లోకి తిరగాలి. ఊళ్లోంచి పైప్‌లైన్‌కు నడకే. చీలమండ పైకి వచ్చే బూట్లు వేసుకోమనండి, వాన కోటు తప్పనిసరి. మే మొదట్లో మిడ్జ్ దోమల బాధ ఇంకా మొదలవదు, అదొక అదృష్టం. గుర్తుల లోపలికి అడుగు పెట్టకూడదు. బండి పైకి వస్తుంటే దాని కింద నిలబడకూడదు, దొర్లిన రాయి అక్కడికే వస్తుంది.

వానకొండ:
అందరికీ కృతజ్ఞతలు. సీళ్లు ఆర్డర్ పెట్టాను, 14, 15 రెండు స్ప్రాకెట్లూ కూడా. చివరిగా ఒక్కటి: ఆయిల్ ఎంత కలపాలి? పాత పుస్తకంలో 20కి 1 లెక్క ఉంది.

టూస్ట్రోక్:
అది ఆ రోజుల మామూలు ఆయిల్‌కు. ఇప్పటి మంచి టూస్ట్రోక్ ఆయిల్‌తో 32కి 1 సరిపోతుంది, అంటే 5 లీటర్ల పెట్రోలుకు 156 మిల్లీలీటర్లు. ట్రయల్స్‌లో ఇంజిను ఎప్పుడూ నెమ్మదిగానే తిరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ పోస్తే ప్లగ్గు నల్లబడి, సరిగ్గా ఎక్కుడు మొదట్లో దగ్గుతుంది. కొత్త సీళ్లు, కొత్త రింగులు వేసిన తర్వాత మొదటి రెండు ట్యాంకులు మాత్రం 25కి 1, అంటే 5 లీటర్లకు 200. ఆ తర్వాత ప్లగ్గు తీసి రంగు చూసి ఇక్కడ పెట్టండి, పైలట్ జెట్టు సంగతి అప్పుడు చూద్దాం.